ఆషెస్ పాత్ర మీద పేరున్న ఈ ‘స్టడ్‌లు’ ఎవరు?

వేణు_నెల్లూరు
ఇంగ్లండ్, ఆస్ట్రేలియా క్రికెట్ జట్లు పోటీపడే ఆషెస్ పాత్ర ఫొటో ఒకటి పెద్దది చేసి చూస్తుంటే దాని మీద అతికించిన కాగితం కనబడింది. ఆరు పాదాల పద్యం. ఇంగ్లండ్ కెప్టెన్ ఐవో బ్లై పాత్రతో ఇంటికి తిరిగివస్తాడని మొదలుపెట్టి, వెంట వచ్చేవాళ్ళ పేర్లు వరసగా చెప్పాడు. స్టీల్, రీడ్, టైల్‌కోట్ ఒక్కొక్కరే ఉన్నారు. స్టడ్ దగ్గర మాత్రం బహువచనం. ఎవరండీ వీళ్ళు? ఒకే జట్టులో ఇద్దరా?

పాతస్కోరు
1882-83లో ఆస్ట్రేలియా వెళ్ళిన బ్లై జట్టులో ఇద్దరు, కుటుంబంలో ఇంకా ఎక్కువమంది. మనకు కావలసినవాళ్ళు ముగ్గురు: కైనాస్టన్ (జె. ఇ. కె.), జార్జ్ (జి. బి.), చార్లెస్ (సి. టి.). ఒక్కో ఏడాది తేడాతో పుట్టారు, ముగ్గురూ ఈటన్‌లో చదివారు, ముగ్గురూ కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాలలో చేరారు. అక్కడితో ఆగలేదు. విశ్వవిద్యాలయ జట్టుకు 1882లో జార్జ్, 1883లో చార్లెస్, 1884లో కైనాస్టన్ కెప్టెన్లు. పెద్దవాడి వంతు చివర వచ్చిందేమిటని అడుగుతారని ముందే చెబుతున్నాను: ఆయన కొన్నాళ్ళు వ్యాపారంలో ఉండి ఆలస్యంగా కేంబ్రిడ్జ్‌లో చేరాడు.

ముగ్గురిలో ఆటగాడిగా చార్లెస్‌దే పైచేయి. 1860 డిసెంబరు 2న పుట్టాడు. 1880 నుంచి నాలుగేళ్ళూ ఆక్స్‌ఫర్డ్ మీద ఆడి ‘బ్లూ’ అనే విశ్వవిద్యాలయ క్రీడా గౌరవం తెచ్చుకున్నాడు. 1882 వేసవిలో ఆస్ట్రేలియా జట్టు వచ్చినప్పుడు కేంబ్రిడ్జ్ జట్టే వాళ్ళను 6 వికెట్ల తేడాతో ఓడించింది. పిల్లలు పెద్దలను ఓడించారన్నమాట. అందులో ఇతనిది 118. తరువాత ఎం.సి.సి. (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) తరఫున లార్డ్స్‌లో అదే జట్టు మీద మరో 114. ఒకే సీజన్‌లో వెయ్యి పరుగులు, వంద వికెట్లు చేయడం అప్పటికి ఇంగ్లండ్ దిగ్గజం డబ్ల్యు. జి. గ్రేస్‌కు మాత్రమే తెలిసిన విద్య. ఇతను 1882లో చేశాడు, 1883లో మళ్ళీ చేశాడు. అప్పటికి ఇంకా విద్యార్థే.

శారద కె.
అయ్యో, ఈ పేరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు! ఆదివారం బడిలో మిషనరీల కథలు చెప్పేటప్పుడు సి. టి. స్టడ్ కథ తప్పకుండా వచ్చేది. ఆస్తి వదిలేసి చైనా వెళ్ళాడు, తరువాత ఆఫ్రికా వెళ్ళాడు అని. ‘గొప్ప క్రికెట్ ఆటగాడు’ అన్న ఒక్క మాటతో ఆట అయిపోయేది. ఎంత గొప్పవాడో మా టీచరుగారికీ తెలియదనుకుంటాను. పాతస్కోరు గారూ, ఆషెస్‌కు మూలమైన లండన్ ఓవల్ మ్యాచ్‌లో ఇతను ఉన్నాడా?

పాతస్కోరు
ఉన్నాడు శారద గారూ. ఉండి, ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క బంతీ ఆడకుండా ఓడిపోయాడు.

1882 ఆగస్టు 28, 29. ఆస్ట్రేలియా 63, ఇంగ్లండ్ 101. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చిన స్టడ్‌ను ఆస్ట్రేలియా బౌలర్ స్పాఫర్త్ సున్నాకే బౌల్డ్ చేశాడు. ఆస్ట్రేలియా రెండోసారి 122 చేసింది. ఆ ఇన్నింగ్స్‌లోనే బంతి ఆగిపోయిందనుకుని పిచ్ సర్దడానికి క్రీజు దాటిన కుర్రవాడు జోన్స్‌ను గ్రేస్ రనౌట్ చేశాడు. స్పాఫర్త్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇంగ్లండ్‌కు కావలసింది 85.

గ్రేస్ క్రీజులో ఉన్నంతసేపు అది పెద్ద లెక్కలా లేదు. 51 దగ్గర మూడో వికెట్, 53 దగ్గర గ్రేస్ 32 చేసి ఔట్. ఆ తరువాత లిటిల్‌టన్, లూకస్ ఇద్దరూ గోడ కట్టారు. వరసగా పన్నెండు మెయిడిన్ ఓవర్లు. పరుగు రాదు, వికెట్ పడదు. ఆఖరికి ఆస్ట్రేలియా వాళ్ళే కావాలని ఒక పరుగు ఇచ్చి లిటిల్‌టన్‌ను స్పాఫర్త్ వైపు తెచ్చుకున్నారు. 66 దగ్గర లిటిల్‌టన్ బౌల్డ్. 70 దగ్గర స్టీల్, 70 దగ్గరే రీడ్, 75 దగ్గర లూకస్, 75 దగ్గరే బార్న్స్. ఆ వేసవిలో ఇదే ఆస్ట్రేలియా మీద రెండు సెంచరీలు కొట్టినవాడు పదో స్థానంలో వచ్చి అవతలి కొసన నిలబడి ఉన్నాడు. ఆఖరివాడుగా పీట్ వచ్చాడు. అతనికి బాయిల్ బౌలింగ్. రెండు పరుగులు తీశాడు, మళ్ళీ బ్యాటు విసిరాడు, బౌల్డ్. 77 ఆలౌట్, 7 పరుగుల ఓటమి. స్టడ్ నాటౌట్ 0. స్పాఫర్త్‌కు మ్యాచ్‌లో 90 పరుగులకు 14 వికెట్లు.

ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయింది, దహనం చేసి బూడిద ఆస్ట్రేలియాకు తీసుకుపోతారు అని ఒక పత్రిక ఎగతాళిగా మరణవార్త వేసింది ఈ మ్యాచ్ మీదే. ఆషెస్ అంటే ఆ బూడిదే.

వేణు_నెల్లూరు
రెండు సెంచరీలు కొట్టినవాణ్ణి పదో స్థానంలో ఎందుకు పంపారు? కెప్టెన్ ఎవరు మహానుభావుడు?

మిడాఫ్ మూర్తి
ఎ. ఎన్. హార్న్‌బీ. బ్యాటింగ్ క్రమం తారుమారు చేశాడు, కారణం ఆయనకే తెలియాలి. స్టడ్ అప్పటికే దుప్పటి కప్పుకుని వణుకుతూ తిరుగుతున్నాడని అక్కడ ఉన్న ఒక ఆటగాడు తరువాత చెప్పాడు. చలికో, భయానికో. ఒక ప్రేక్షకుడు గొడుగు పిడి కొరికేశాడని, ఇంకొకాయన గుండె ఆగి పోయాడని కూడా అంటారు కాబట్టి ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు వణికితే తప్పేముంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పీట్ మాట. కాస్త ఓపిక పట్టి స్టడ్‌కు బ్యాటింగ్ ఇవ్వవచ్చుగా అని పెవిలియన్‌లో గదమాయిస్తే, ‘మిస్టర్ స్టడ్ మీద నాకు నమ్మకం కుదరలేదు’ అన్నాడట. రెండు పరుగులు చేసిన పదకొండో నంబరువాడు, దేశంలోకెల్లా మంచి ఫామ్‌లో ఉన్న బ్యాట్స్‌మన్ గురించి! దాన్ని జోక్‌గా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఆ ‘మిస్టర్’ దగ్గర చూపు ఆగుతుంది. పీట్ యార్క్‌షర్ నుంచి వచ్చిన కూలి ఆటగాడు, స్టడ్ దొర. వెక్కిరించేటప్పుడు కూడా గౌరవం తగ్గించడానికి వీల్లేదు.

వేణు_నెల్లూరు
కూలి ఆటగాడు అంటే ప్రొఫెషనల్ అనా?

మిడాఫ్ మూర్తి
అవును. ప్రొఫెషనల్ డబ్బు తీసుకుని ఆడతాడు, అమెచ్యూర్ ఊరికే ఆడతాడు. ఈ రోజుల్లో మనకు ప్రొఫెషనల్ అంటే గౌరవం, అప్పట్లో సరిగ్గా తలకిందులు. ఇద్దరికీ వేరువేరు గదులు, చాలా మైదానాల్లో లోపలికి రావడానికి వేరువేరు గేట్లు. స్కోరుకార్డులో అమెచ్యూర్ పేరుకు ఇంటిపేరు ముందు పొడి అక్షరాలు వేసేవారు, ప్రొఫెషనల్‌కు వెనక వేసేవారు, లేదా అసలు వేసేవారు కాదు. ఫ్రెడ్ టిట్‌మస్ అనే ప్రొఫెషనల్ కుర్రవాడుగా ఉన్నప్పుడు లార్డ్స్‌లో కార్డు మీద పొడి అక్షరాలు ముందుకు పడ్డాయని మైకులో సవరణ చదివారు. అదీ రెండో ప్రపంచయుద్ధం తరువాత! ఈ విభజనను 1962లో గానీ ఎత్తివేయలేదు.

డబ్బు సంగతి కూడా వినండి. 1896లో ఓవల్ టెస్టుకు ముందు ఐదుగురు ప్రొఫెషనల్స్ తమకు ఇచ్చే 10 పౌండ్లు చాలవు, 20 కావాలని అడిగితే పెద్ద రభస అయింది. అదే సమయంలో గ్రేస్ అనే ‘అమెచ్యూర్’ ఖర్చుల పేరుతో వాళ్ళందరికన్నా ఎక్కువ పట్టుకుపోయేవాడు.

కడప నీలి
మూర్తి గారు గేట్ల దగ్గర ఆగారు. నేను ఇంకొంచెం వెనక్కు వెళతాను. ఊరికే ఆడాలంటే ఇంట్లో ఉండాలి కదా. స్టడ్‌ల ఇంట్లో ఉన్నది ఎక్కడిది?

బీహార్‌ది. వాళ్ళ నాన్న ఎడ్వర్డ్ స్టడ్ తిర్హుత్‌లో నీలిమందు దొర. అక్కడ గడించి ఇంగ్లండ్ తిరిగివెళ్ళి విల్ట్‌షర్‌లో టెడ్‌వర్త్ హౌస్ అనే పెద్ద బంగళాలో దిగాడు. రేసు గుర్రాలు మేపాడు, 1866లో ఆయన గుర్రం సాలమాండర్ గ్రాండ్ నేషనల్ పందెం గెలిచింది. పిల్లల కోసం ఇంటి దగ్గరే క్రికెట్ మైదానం.

తిర్హుత్ అంటే ముజఫర్‌పూర్, దర్భంగా, చంపారణ్ వైపు. చంపారణ్ రైతు బిఘాలో ఇరవై కఠాలుంటే మూడు కఠాలు దొర కోసం నీలి వేయాలి. ‘తీన్‌కఠియా’ అన్నది ఇదే. మంచి నేల చూసి ఎంచేది దొర మనుషులు, ధర కట్టేదీ వాళ్ళే. 1917లో గాంధీ అక్కడికి వెళ్ళింది ఈ గొడవ మీద. మా వైపు కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో కూడా నీలి పండించారు. ఇక్కడ చాలావరకు రైతులే పండించి అమ్మేవారు, బీహార్‌లోలాగా దొరల తోటలు కావు. మా ఊరి చెరువు కింద పాత నీలిమందు తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఒకదాని పక్కన ఇంకొకటి కాస్త కిందికి. పై తొట్టిలో కోసిన కట్టలు నానబెట్టి, ఆ పసుపుపచ్చ నీళ్ళు కింది తొట్టిలోకి వదులుతారు. అందులో మనుషులు నడుము లోతున దిగి తెడ్లతో గంటల తరబడి కొడితే గాలి తగిలి నీలం తేలుతుంది. మడ్డి అడుగున దిగాక వడకట్టి, కాచి, పిండి, ముక్కలుగా కోసి ఆరబెడతారు. ఆ తొట్టిలోకి దిగినవాడికి స్కోరుకార్డు లేదు, పొడి అక్షరాలు ముందా వెనకా అన్న ప్రశ్నా లేదు.

కాబట్టి ‘అమెచ్యూర్ అంటే డబ్బు తీసుకోనివాడు’ అన్నది సగం నిజం. డబ్బు ముందే తీసుకున్నారు, వేరేవాళ్ళ దగ్గర.

శారద కె.
నీలి గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ ఈ కుటుంబం ఆ డబ్బుతో ఏం చేసిందో కూడా చూడాలి కదా. 1875లో అమెరికా బోధకుడు మూడీ లండన్ వచ్చాడు. ఆయన మాటలు విని ఎడ్వర్డ్ స్టడ్ మారిపోయాడు. గుర్రాలు అమ్మేశాడు, టెడ్‌వర్త్ హౌస్ హాలులో సామాను తీయించి ఊళ్ళోవాళ్ళను కూర్చోబెట్టి కూటాలు పెట్టాడు. రెండేళ్ళకే పోయాడు. పిల్లలు ముగ్గురూ ఈటన్‌లో ఉండగానే విశ్వాసులయ్యారు. చార్లెస్ మాత్రం తరువాత ఆరేళ్ళు ఆట తప్ప ఇంకేమీ పట్టనట్టు ఉన్నానని తానే చెప్పుకున్నాడు.

1883 చివర జార్జ్‌కు జబ్బు చేసి చావుబతుకుల్లో ఉంటే పక్కన కూర్చున్న చార్లెస్‌కు పేరుప్రతిష్ఠలు దేనికి అన్న ప్రశ్న వచ్చింది. జార్జ్ బతికాడు. ఇతని ఆట అక్కడితో దాదాపు అయిపోయింది. 1885 ఫిబ్రవరి 5న మరో ఆరుగురితో కలిసి చైనాకు బయలుదేరాడు. ‘కేంబ్రిడ్జ్ సెవెన్’ అంటారు. హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్‌లాండ్ మిషన్ తరఫున. స్టాన్లీ స్మిత్ విశ్వవిద్యాలయ పడవ పందెం జట్టులోవాడు, హోస్ట్ ఫిరంగిదళ అధికారి, సెసిల్ పోల్‌హిల్ గుర్రపుదళం నుంచి వచ్చాడు. వాళ్ళ వీడ్కోలు సభలకు జనం విరగబడ్డారు. ఇవాళ జాతీయ జట్టులో ఉన్నవాడు ఇరవైనాలుగేళ్ళకు కిట్ అటక మీద పడేసి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఊహించండి.

మిడాఫ్ మూర్తి
బ్లై పర్యటన ఎగరగొట్టేశారు మీరందరూ! వేణు గారు అడిగింది పాత్ర గురించి. 1882 ఓటమి తరువాత నెలైనా కాకముందే బ్లై జట్టు ఓడ ఎక్కింది. కొలంబో దాటాక ఓడ ఇంకో ఓడను గుద్దుకుని ఫాస్ట్ బౌలర్ మోర్లీకి పక్కటెముకలు దెబ్బతిన్నాయి. ఆ స్థితిలో వెళ్ళి మర్డాక్ కెప్టెన్‌గా ఉన్న ఆస్ట్రేలియా జట్టు మీద మూడింట రెండు గెలిచారు. తరువాత జరిగిన నాలుగో మ్యాచ్ పోయింది. చార్లెస్ నాలుగూ ఆడాడు, అత్యధిక స్కోరు 48. మెల్‌బోర్న్ పత్రికలో 1883 ఫిబ్రవరిలో వచ్చిన పద్యమే పాత్ర మీద అంటించారు. అలా బంతి ఆడకుండా ఓడినవాడు ఆ పాత్ర మీదకు ఎక్కాడు, గ్రేస్ ఎక్కలేదు, స్పాఫర్త్ ఎక్కలేదు.

కడప నీలి
శారద గారూ, ఆస్తి సంగతికి వద్దాం. నేనూ చదివాను, అందుకే ఈ మనిషిని తేలిగ్గా కొట్టిపారేయలేను. తండ్రి వీలునామా ప్రకారం ఇరవై ఐదేళ్ళు నిండాక వాటా చేతికి వచ్చింది, సుమారు 29,000 పౌండ్లు. మూర్తి గారు చెప్పిన టెస్టుకు 10 పౌండ్ల లెక్కన ఒక ప్రొఫెషనల్ 2,900 టెస్టులు ఆడాలి. 1887 జనవరిలో చైనాలో కూర్చుని చెక్కులు రాసేశాడు: మూడీకి 5,000, బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపే జార్జ్ ముల్లర్‌కు 5,000, లండన్ వైట్‌చాపెల్‌లో పేదల మధ్య పనిచేసే హాలండ్‌కు 5,000, ఇండియాలోని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు 5,000. తరువాత ఇంకా కొన్ని. చివరికి మిగిలింది పెళ్ళికూతురు ప్రిసిల్లా స్టూవర్ట్‌కు ఇస్తే, ఆమె దాన్నీ పంచిపెట్టించింది. 1888లో పెళ్ళయ్యేనాటికి ఇద్దరి చేతుల్లో ఏమీ లేదు. ఇలా చేసినవాళ్ళు ఆ వర్గంలో ఎందరున్నారు?

కానీ చూడండి. మూడీకి పంపిన డబ్బుతో తిర్హుత్‌లో, నాన్న సంపాదించిన చోట, సువార్త పని మొదలుపెట్టాలని అతని కోరిక. మూడీకి కుదరలేదు. ఆ డబ్బు షికాగోలో బైబిలు విద్యాలయానికి వెళ్ళింది. అంటే ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి గుర్తుంది. తిర్హుత్‌కు ఏదో బాకీ ఉన్నానని అనిపించింది. ఆ బాకీ రైతుకు కౌలు తగ్గించడమో, నీలి వేయనక్కర్లేదని చెప్పడమో కాక, బోధకుణ్ణి పంపడం అనుకున్నాడు. అదీ అందలేదు.

శారద కె.
అప్పటికి తోటలు అతని చేతిలో లేవు కదా, కౌలు తగ్గించడానికి. తన చేతిలో ఉన్నది ఇచ్చాడు. తనకు అన్నిటికన్నా విలువైనది అనుకున్నదే పంపాలనుకున్నాడు. మనకు వేరే విలువలున్నాయని అతని మనసు చిన్నది చేయకండి.

కడప నీలి
మనసు చిన్నదని అనలేదు తల్లీ. చిరునామా తప్పిందన్నాను.

బాపట్ల బాబు
ఇండియా సాల్వేషన్ ఆర్మీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా బాపట్ల పక్కన స్టువర్టుపురం సెటిల్‌మెంటు నడిపింది వాళ్ళే. అయితే స్టడ్ ఇచ్చిన డబ్బు మా ఊరిదాకా వచ్చిందా? భార్య ఇంటిపేరు కూడా స్టూవర్ట్ అంటున్నారు!

పాతస్కోరు
బాబు గారూ, పేర్ల పోలిక చూసి కథ అల్లకండి. స్టువర్టుపురం పేరు మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టువర్ట్ మీద వచ్చింది. 1911 నేరస్థ తెగల చట్టం తరువాత, 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టారు. స్టడ్ చెక్కు రాసింది పాతికేళ్ళకు పైగా ముందు. డబ్బుకు సంబంధం లేదు, మనిషికి ఉంది. ఆ చెక్కు అందుకున్నది ఫ్రెడరిక్ టక్కర్. సివిల్ సర్వీసు ఉద్యోగం వదిలి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని 1882లో బొంబాయిలో సాల్వేషన్ ఆర్మీ మొదలుపెట్టినవాడు. 1888లో ఆ సంస్థ స్థాపకుడు జనరల్ బూత్ కూతుర్ని పెళ్ళాడి బూత్-టక్కర్ అయ్యాడు. ‘నేరస్థ తెగలను బాగుచేయడం’ అనే పథకాన్ని ప్రభుత్వానికి ఒప్పించింది తరువాతి కాలంలో ఈయనే. దాని మంచిచెడ్డలు మీ ఊరివాళ్ళకు మాకన్నా బాగా తెలుసు.

నిర్వాహకుడు
స్టువర్టుపురం మీద ఎవరికైనా రాయాలనిపిస్తే విడిగా చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా చదువుతాం. ఇక్కడ స్టడ్‌తో ఉందాం.

వేణు_నెల్లూరు
చైనాలో ఎన్నాళ్ళున్నాడు? తరువాత?

శారద కె.
1894 దాకా. షాన్సీ రాష్ట్రంలో లుంగాన్‌ఫు అనే ఊళ్ళో నల్లమందు అలవాటు మాన్పించే ఆశ్రయం నడిపారు. నలుగురు ఆడపిల్లలు అక్కడే పుట్టారు. 1900 నుంచి 1906 దాకా మన ఊటీలో యూనియన్ చర్చి పాస్టరు. తరువాత యాభై దాటాక, ఒంట్లో బాగాలేదని డాక్టర్లు వద్దంటున్నా, 1913లో బెల్జియన్ కాంగో వెళ్ళాడు. వెంట ఆల్‌ఫ్రెడ్ బక్స్‌టన్ అనే యువకుడు ఒక్కడే.

కడప నీలి
నల్లమందు గురించి ఒక్క మాట. చైనాకు దశాబ్దాలపాటు నల్లమందు పంపింది కూడా బీహారే, పాట్నా గిడ్డంగుల నుంచి. స్టడ్ వెళ్ళేనాటికి షాన్సీలో సొంత గసగసాల పంట విస్తారంగా ఉంది కాబట్టి అతను చూసిన రోగులు తాగిందంతా మన దేశపు సరుకని అనలేం. అలవాటు చేసింది మాత్రం ఆ వ్యాపారమే.

మిడాఫ్ మూర్తి
కాంగో దగ్గర నాకు ఇతని మీద సానుభూతి తగ్గుతుంది శారద గారూ. 1916లో రెండోసారి వెళ్ళినవాడు మళ్ళీ ఇంగ్లండ్ మొహం చూడలేదు. భార్య గుండెజబ్బుతో లండన్‌లో ఉండి అతని మిషన్ కార్యాలయం నడిపింది. చివరి పదిహేనేళ్ళలో ఆ ఇద్దరూ కలిసింది 1928లో ఆమె కాంగో వచ్చిన రెండు వారాలే. 1929లో ఆమె పోయింది. తోటివాళ్ళు కూడా తనలాగే రోజుకు పద్దెనిమిది గంటలు పనిచేయాలన్నాడు. చేయలేనివాళ్ళతో పడలేదు, అల్లుడైన బక్స్‌టన్‌తోనే తెగిపోయింది. నొప్పులకు మార్ఫియా వాడుతున్నాడని లండన్ కమిటీ తగువు పెట్టుకుంది. ఇవి మీ ఆదివారం బడి కథలో ఉన్నాయా?

శారద కె.
లేవు. ఉండాలి. పిల్లలకు కాకపోయినా పెద్దలకైనా చెప్పాలి. కానీ మూర్తి గారూ, ఆ మనిషి పళ్ళన్నీ ఊడి, ఉబ్బసంతో, ఇబాంబిలో గడ్డికప్పు ఇంట్లో ఉన్నాడు. ఎవరినీ తనకన్నా ఎక్కువ కష్టపెట్టలేదు. అక్కడివాళ్ళు ‘బ్వానా ముకుబ్వా’ అని పిలిచేవారు, పెద్దయ్యగారు అన్నట్టు. 1931 జూలై 16న అక్కడే పోయాడు. ప్రిసిల్లా గురించి మీరు అన్నది మాత్రం నాకూ గుచ్చుకుంటుంది. ఆమె కథ విడిగా ఎవరూ చెప్పరు.

వేణు_నెల్లూరు
క్రికెట్ మానేసినందుకు ఎప్పుడైనా బాధపడ్డాడా?

శారద కె.
ఆడినందుకు బాధపడలేదట. ధైర్యం, ఓర్పు ఆటే నేర్పిందన్నాడు. దాన్ని దేవుడి స్థానంలో పెట్టుకున్నందుకు మాత్రం బాధపడ్డాడు.

పాతస్కోరు
ఆటలో మిగిలింది కూడా నమోదు చేస్తాను. ఐదు టెస్టులు, 160 పరుగులు, 3 వికెట్లు. అది చూసి సామాన్యుడు అనుకోకండి. ఫస్ట్‌క్లాస్‌లో ఎనిమిది సెంచరీలు, నాలుగు వందల పైచిలుకు వికెట్లు, దాదాపు అంతా 1884లోపు. అన్నలు: జార్జ్ తరువాత అమెరికా వెళ్ళి లాస్ ఏంజెల్స్‌లో పేదల మధ్య మతసేవలో స్థిరపడ్డాడు. కైనాస్టన్ 1928లో లండన్ లార్డ్ మేయర్ అయ్యాడు, 1930లో ఎం.సి.సి. అధ్యక్షుడు. తమ్ముడు కాంగోలో గడ్డికప్పు కింద, అన్న లండన్‌లో బంగారు గొలుసుతో, ఇద్దరూ ఒకే కాలంలో.

మిడాఫ్ మూర్తి
సరే, దొరల సంగతి అందరం చెప్పుకున్నాం. పీట్ ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. ఎడమచేతి స్లో బౌలర్, అదే ఓవల్ టెస్టులో ఎనిమిది వికెట్లు తీసినవాడు. కొన్నేళ్ళకే యార్క్‌షర్ పక్కన పెట్టింది, 1900లో నలభై అయిదేళ్ళకే పోయాడు. అతని గురించి విడిగా చర్చ మొదలుపెట్టాను. పాతస్కోరు గారూ, 1881 నుంచి 1886 దాకా అతని బౌలింగ్ లెక్కలు మీ దగ్గర ఉంటే అక్కడ పెట్టండి.